హక్కు నిలిచేది గుమాస్తా బల్ల దగ్గరే

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సభలో మాట్లాడమని కోరిన నిర్వాహకులు విషయాన్ని నా ఎంపికకే విడిచిపెట్టారు. మన గ్రంథాలయాల్లో ఉర్దూ అరలు బోసిపోతున్నాయన్న ఆవేదన మనందరికీ ఉంది. దాన్నే మరోసారి వల్లించి మీచేత చప్పట్లు కొట్టించుకోవడం నాకు కష్టం కాదు. కానీ ఆవేదనను పదేపదే చెప్పుకోవడం కంటే, ఇటువంటి స్థితిలోనే ఉండిన ఇతరులు దానినుండి ఎలా బయటపడ్డారో తెలుసుకోవడం మేలని నా అభిప్రాయం. అందుకే నేడు అమెరికా పౌర గ్రంథాలయాలు రెండు వర్గాల పాఠకులకు చేస్తున్న సేవ గురించి మాట్లాడదలచాను. ఒక వర్గం స్పానిష్ మాట్లాడేవారు. రెండవది ఎల్‌జీబీటీ వృద్ధులు. అంటే స్వలింగానురాగులు, ద్విలింగానురాగులు, ట్రాన్స్‌జెండర్లు అయిన వయోధికులు.

రెండవ వర్గం పేరు వినగానే ఈ సభలో కొందరికి ఇబ్బంది కలిగి ఉండవచ్చు. అందుకే ఒక మాట ముందే మనవి చేస్తాను. ఏది ధర్మసమ్మతం, ఏది కాదు అని తీర్పు చెప్పడానికి నేను ఆలిమ్‌ను కాను. ఆ చర్చకు ఇది వేదికా కాదు. నేను మాట్లాడేది పౌరుని గురించి. పన్ను కట్టిన పౌరుడు, ప్రజల సొమ్ముతో నడిచే గ్రంథాలయపు మెట్లెక్కినప్పుడు లోపల అతనికి ఏం ఎదురవుతుందనేదే నా విషయం. నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. చట్టం ఎంత గొప్పగా రాసినా అది చివరికి ఒక దరఖాస్తు ఫారంగానో, ఒక రిజిస్టరులోని గడిగానో, ఒక ఇండెంటుగానో మారి గుమాస్తా బల్ల మీదికే వస్తుంది. హక్కు నిలిచేదీ పోయేదీ అక్కడే. ఈ రెండు వర్గాల కథ నాకు చెప్పిన పాఠం అదే.

ముందు వీరెవరో చూద్దాం. అమెరికాలో స్పానిష్ అనగానే నిన్నమొన్న సరిహద్దు దాటి వచ్చినవారి భాష అని చాలామంది అనుకుంటారు. చరిత్ర వేరుగా ఉంది. ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్ పట్టణాన్ని స్పెయిన్ వారు 1565లో స్థాపించారు. ఆంగ్లేయుల తొలి శాశ్వత స్థావరం జేమ్స్‌టౌన్ 1607 నాటిది. 1848లో యుద్ధానంతరం జరిగిన గ్వాడలూపె హిదాల్గో ఒప్పందంతో మెక్సికో తన ఉత్తర భూభాగంలో చాలా భాగాన్ని అమెరికాకు అప్పగించింది. అక్కడి స్పానిష్ కుటుంబాలు కదలలేదు. సరిహద్దే వారిని దాటిపోయింది. 1898లో ప్యూర్టోరికో కూడా అమెరికా అధీనమైంది. నేడు ఇంట్లో స్పానిష్ మాట్లాడేవారు ఆ దేశంలో 4 కోట్లకు పైగా ఉన్నారు. ఉర్దూ ఎక్కడో బయటినుంచి వచ్చిన భాష అని వినివిని విసిగిపోయిన దక్కనీ బిడ్డలకు ఈ కథను ఇంతకంటే వివరించనక్కరలేదు.

ఇక ఎల్‌జీబీటీ వృద్ధులు. నేడు డెబ్బై, ఎనభై ఏళ్లున్నవారు పుట్టి పెరిగిన కాలంలో వారి జీవితమే నేరం. 1953లో అధ్యక్షుడు ఐజన్‌హోవర్ జారీచేసిన 10450వ నంబరు ఉత్తర్వు కింద స్వలింగానురాగులన్న కారణంతో వేలమంది ప్రభుత్వోద్యోగులను తొలగించారు. సైన్యపు పటాల విభాగంలో ఖగోళ శాస్త్రజ్ఞుడుగా ఉన్న ఫ్రాంక్ కామెనీ 1957లో అలాగే ఉద్యోగం కోల్పోయాడు. సుప్రీంకోర్టు దాకా పోరాడినా 1961లో అతని విన్నపాన్ని కోర్టు స్వీకరించలేదు. అమెరికా మనోవైద్యుల సంఘం 1973 వరకు వీరిని మానసిక రోగుల పట్టికలోనే ఉంచింది. దేశమంతటా వీరిమీది శిక్షా చట్టాలు చెల్లకుండా పోయింది 2003లో, లారెన్స్ వర్సెస్ టెక్సాస్ తీర్పుతో. వివాహ హక్కు 2015లో వచ్చింది. అంటే ఆ తరంలో చాలామంది యౌవనమంతా దాక్కొని గడిపారు. ఎందరికో పిల్లలు లేరు. పుట్టింటివారితో రాకపోకలు తెగిపోయినవారూ తక్కువేమీ కాదు. ముసలితనంలో ఒంటరిగా బతకడం, వృద్ధాశ్రమంలో చేరాక భయంతో మళ్లీ తమను తాము దాచుకోవడం వీరిలో తరచుగా కనిపించే దుఃఖం. ఇటువంటి వృద్ధుల కోసమే న్యూయార్కులో 1978లో సేజ్ అనే సంస్థ పుట్టింది.

ఈ రెండు వర్గాలనూ వేర్వేరు గదుల్లో పెట్టి చూడరాదు. స్పానిష్ మాత్రమే వచ్చిన ముదుసలి స్వలింగానురాగి కూడా ఉంటాడు. భాష తెలిసినవారి దగ్గర తన జీవితం చెప్పుకోలేడు. తన జీవితం అర్థమయ్యేవారితో భాష కలవదు. రెండు గోడల మధ్య నలిగేవాడి సంగతి మన సమాజంలోని వితంతువులకు, వికలాంగులకు, పేద వృద్ధులకు తెలిసిందే.

అమెరికా గ్రంథాలయ సంఘం 1939లో గ్రంథాలయ హక్కుల పత్రాన్ని ఆమోదించింది. గ్రంథాలయం ఆ ప్రాంతపు ప్రజలందరి కోసం ఉండాలన్నది దాని సారం. పాఠకుని హక్కును వయస్సు కారణంగా తగ్గించరాదన్న మాట 1967లో చేరింది. పత్రం మంచిదే. కానీ ఆ దేశపు దక్షిణాది రాష్ట్రాల్లో ఎన్నో గ్రంథాలయాలు ఆ పత్రం వచ్చిన తరువాత కూడా ఇరవై ఏళ్లకు పైగా నల్లజాతివారిని లోపలికి రానివ్వలేదు. పత్రం గోడమీద ఉంటే చాలదని దీన్నిబట్టే తెలుస్తుంది. దానిని బల్ల మీదికి దించినవారెవరో ఇప్పుడు ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది ఉద్యోగి. 1921లో న్యూయార్కు పౌర గ్రంథాలయపు 135వ వీధి శాఖలో పూరా బెల్‌ప్రే అనే యువతి ఉద్యోగంలో చేరింది. ఆ గ్రంథాలయ వ్యవస్థలో ఆమె తొలి ప్యూర్టోరికో ఉద్యోగిని. పిల్లల అరల్లో తన నాయనమ్మల కథలు ఒక్కటీ కనిపించకపోతే తానే చెప్పసాగింది, తరువాత తానే రాసింది. 115వ వీధి శాఖకు వచ్చాక ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ కథా కాలక్షేపాలు పెట్టింది, తోలుబొమ్మలాట వంటి బొమ్మల ప్రదర్శనలు ఆడించింది, తమవారి పండుగను గ్రంథాలయంలోనే జరిపించింది. పిల్లలు వచ్చారు, పిల్లల చేయి పట్టుకొని తల్లులు వచ్చారు. ఆ తల్లులను లోపలికి రమ్మని పిలిచింది బోర్డు కాదు, బల్ల వెనుకనుంచి వినిపించిన తమ భాష. 1971లో అర్నుల్ఫో ట్రెహో అనే ఆచార్యుడు రిఫోర్మా అనే సంఘాన్ని స్థాపించాడు. స్పానిష్ వారికి గ్రంథాలయ సేవలు పెంచడం, స్పానిష్ తెలిసినవారిని గ్రంథాలయాధికారులుగా తయారుచేయడం దాని లక్ష్యాలు. 1996 నుంచి పూరా బెల్‌ప్రే పేరిట బాలసాహిత్య పురస్కారం కూడా ఇస్తున్నారు.

సరిగ్గా అదే కాలంలో, 1970లో, అమెరికా గ్రంథాలయ సంఘంలోనే స్వలింగానురాగుల హక్కుల బృందం ఒకటి ఏర్పడింది. ఒక వృత్తి సంఘం లోపల అటువంటి బృందం ఏర్పడడం అదే మొదలు. దానికి చాలాకాలం నాయకత్వం వహించిన బార్బరా గిట్టింగ్స్ గ్రంథాలయ ఉద్యోగిని కాదు, పాఠకురాలు. యౌవనంలో తానెవరో తెలుసుకోవడానికి ఆమె గ్రంథాలయాలన్నీ గాలించింది. దొరికినవన్నీ రోగాల పుస్తకాలు, నేరాల పుస్తకాలు. అందుకని ఆ బృందం మొదట చేసిన పని ఊరేగింపు తీయడం కాదు, జాబితా తయారుచేయడం. ఏ పుస్తకం తమ జీవితాన్ని మర్యాదగా చెబుతుందో ఏరి, ఆ జాబితాను గ్రంథాలయాలకు పంపారు. జాబితా ఎంత బలమైన ఆయుధమో గుమాస్తాలకు తెలుసు.

రెండవది కేటలాగు. పుస్తకం ఏ అరలో, ఏ శీర్షిక కింద ఉందో చెప్పే పట్టిక అది. చూడడానికి నిర్జీవమైన వస్తువు. కానీ అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పట్టికలో స్వలింగానురాగుల గురించిన పుస్తకాలను చాలాకాలం ‘అసహజ లైంగిక సంబంధాలు’ అన్న శీర్షిక కిందనే ఉంచారు. తనను గురించి చదవాలని వచ్చినవాడు మొదట తన మీది తిట్టును చదివి, ఆ తరువాతే పుస్తకం దగ్గరికి వెళ్లాలి. పై బృందం పట్టుబట్టగా 1972లో ఆ వర్గీకరణను మార్చారు. స్పానిష్ వారిదీ ఇదే కథ. పత్రాలు లేని వలసదారుల గురించిన పుస్తకాలకు ‘అక్రమ విదేశీయులు’ అన్న శీర్షిక ఉండేది. 2014లో డార్ట్‌మత్ కళాశాల విద్యార్థులు దానిని మార్చమని అర్జీ పెట్టారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2016లో ఒప్పుకున్నా రాజకీయ నాయకులు అడ్డుపడ్డారు. చివరికి 2021లో ఆ శీర్షికను తొలగించి, ‘పౌరులు కానివారు’, ‘అక్రమ వలస’ అనే రెండు శీర్షికలను ప్రవేశపెట్టారు. మనిషిమీద ఉండిన ముద్రను తీసి చర్యకు వేశారన్నమాట. ఒక పట్టికలో రెండు మూడు మాటలు మారడానికి ఏడేళ్లు పట్టింది. పత్రికల్లో తమ గురించి ఏ మాట పడుతుందోనని నిత్యం కలవరపడే మనకు ఈ పోరాటం చిన్నదిగా తోచదు.

మూడవది సభ్యత్వ ఫారం. చిరునామా రుజువు, ప్రభుత్వ గుర్తింపు కార్డు అడిగినంతమాత్రాన ఎందరో గుమ్మం దగ్గరే ఆగిపోతారు. వలస కూలీకి అద్దె కాగితం ఉండదు. ట్రాన్స్‌జెండర్ వృద్ధురాలి కార్డుమీద పేరొకటి, మనిషి మరొకటి. న్యూయార్కు నగరం 2015లో ప్రవేశపెట్టిన ఐడీఎన్‌వైసీ అనే నగర గుర్తింపు కార్డుకు వలస పత్రాలతో నిమిత్తం లేదు. ఆ కార్డునే గ్రంథాలయ కార్డుగానూ వాడుకోవచ్చు. పుస్తకం ఆలస్యమైతే వేసే జరిమానాలను కూడా షికాగో 2019లో, న్యూయార్కు 2021లో ఎత్తివేశాయి. జరిమానా బాకీ భయంతో పేద పాఠకుడే ముందుగా ముఖం చాటేస్తాడని వారు గ్రహించారు.

నాలుగవది పుస్తకాల ఇండెంటు. స్పానిష్ అర ఒకటి పెట్టి, ఇంగ్లీషునుంచి అనువాదమైన నాలుగు వంటల పుస్తకాలు సర్దితే సేవ అయిపోదు. మెక్సికో స్పానిష్ వేరు, ప్యూర్టోరికో స్పానిష్ వేరు. నెల్లూరు తెలుగు, ఆదిలాబాదు తెలుగు వేరైనట్లే. అందుకే మెక్సికోలోని గ్వాడలహారా నగరంలో ఏటా జరిగే పుస్తక ప్రదర్శనకు అమెరికా గ్రంథాలయాధికారులు వెళ్లి స్పానిష్‌లోనే పుట్టిన పుస్తకాలను ఎంచుకుంటారు. ఇందుకు అమెరికా గ్రంథాలయ సంఘమే తోడ్పాటు ఇస్తుంది. న్యూయార్కులోని క్వీన్స్ గ్రంథాలయం 1977 నుంచి కొత్తగా వచ్చినవారి కోసం ప్రత్యేక విభాగం నడుపుతూ, వారి భాషల్లో పుస్తకాలు, ఇంగ్లీషు తరగతులు, పౌరసత్వ సమాచారం అందిస్తున్నది.

వృద్ధుల విషయంలో ఇండెంటు అంటే పుస్తకం పేరొక్కటే కాదు. పెద్ద అక్షరాల ముద్రణ కావాలి, వినే పుస్తకం కావాలి, నడవలేనివారి ఇంటికి, వృద్ధాశ్రమానికి పుస్తకాన్ని చేర్చే మనిషి కావాలి. చూపులేనివారి కోసం అమెరికా 1931లోనే జాతీయ స్థాయిలో చట్టం చేసింది. ఎల్‌జీబీటీ వృద్ధుల కోసం గ్రంథాలయాలు చేసే పనులు కూడా ఈ తరహావే. కలిసి చదివే బృందాలు, జ్ఞాపకాలు రాసుకునే తరగతులు, సినిమా ప్రదర్శనలు, వీలునామా, పింఛను, వైద్య నిర్ణయాధికారం వంటి వాటిపై సమాచార సభలు నిర్వహిస్తారు. శాన్‌ఫ్రాన్సిస్కో పౌర గ్రంథాలయం 1996లో ఈ వర్గపు చరిత్రకు హార్మెల్ కేంద్రం పేరిట ప్రత్యేక విభాగాన్నే తెరిచింది. ఇందాక చెప్పిన ఫ్రాంక్ కామెనీ దాచుకున్న అర్జీలను, ఉత్తరాలను 2006లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ స్వీకరించి భద్రపరచింది. 2009లో ప్రభుత్వం అతనికి లిఖితపూర్వకంగా క్షమాపణ చెప్పింది. ఉద్యోగంలోనుంచి గెంటిన ప్రభుత్వమే అతని కాగితాలను జాతి సంపదగా దాచవలసి వచ్చింది. కాగితాలు దాచుకోండని నేను మన యువకులకు ఎప్పుడూ చెప్పేది ఇందుకే.

అయిదవది అన్నిటికంటే ముఖ్యమైనది. అది రిజిస్టరు. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారన్న నమోదు. యాభై ఏళ్లు దాక్కొని బతికిన మనిషి, తన గురించిన పుస్తకాన్ని ఇంటికి తీసుకుపోతే ఆ సంగతి ఇంటి యజమానికి, కొడుకుకు, పోలీసుకు చేరదన్న నమ్మకం లేకపోతే ఆ పుస్తకాన్ని ముట్టుకుంటాడా? పాఠకుని రహస్యాన్ని కాపాడడం గ్రంథాలయ వృత్తి ధర్మంగా అమెరికాలో చాలాకాలంగా ఉంది. అత్యధిక రాష్ట్రాలు దానికి చట్టం కూడా చేశాయి.

సోదరులారా, ఇక్కడే ఈ కథ మన ఇంటి గుమ్మం తొక్కుతుంది. 2001 సెప్టెంబరు దాడుల తరువాత అమెరికా పేట్రియట్ చట్టం చేసింది. దాని 215వ నిబంధన ప్రకారం రహస్య న్యాయస్థానపు ఉత్తర్వుతో గ్రంథాలయ రికార్డులను కూడా రప్పించుకోవడానికి 2020 దాకా వీలుండేది. ఆ రోజుల్లో అరబ్బు పేరున్న పాఠకుడు ఏం చదువుతున్నాడన్న ప్రశ్న ఎవరి మీదికి వచ్చి పడేదో వేరే చెప్పాలా? అప్పుడు గ్రంథాలయ ఉద్యోగులు ఎదురు నిలిచారు. కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్ గ్రంథాలయాలు పాఠకులను హెచ్చరిస్తూ బోర్డులు పెట్టి, అక్కరలేని కాగితాలను ఏరోజుకారోజు ముక్కలు చేశాయి. 2005లో కనెటికట్ రాష్ట్రంలోని ఒక గ్రంథాలయ సమాఖ్యకు ఎఫ్‌బీఐ నుంచి జాతీయ భద్రతా లేఖ వచ్చింది. ఫలానా సమయంలో కంప్యూటరు వాడినవారి వివరాలు ఇవ్వాలి, లేఖ వచ్చిన సంగతి కూడా బయట చెప్పకూడదని దాని సారాంశం. నలుగురు గ్రంథాలయాధికారులు వివరాలు ఇవ్వక కోర్టుకెక్కారు. 2006లో ప్రభుత్వం నోటిమీది నిషేధాన్ని వదులుకుంది, లేఖనూ వెనక్కి తీసుకుంది.

స్వలింగానురాగి పాఠకుణ్ణి కాపాడిన ఆ వృత్తి ధర్మమే ముస్లిం పాఠకుణ్ణీ కాపాడింది. అది ఇద్దరికీ ఒకటే గొడుగు. ఒకరి వైపు చిల్లు పెడితే రెండవవాడూ తడుస్తాడు.

జాబితా ఎంత ప్రమాదకరమో మన హైదరాబాదే సాక్షి. 1329 ఫసలీ నాటి చట్టం నగరంలోని హిజ్రాల పేర్లను రిజిస్టరులో రాసి ఉంచమని ఆదేశించింది. వారిని వారంటు లేకుండా అరెస్టు చేయడానికీ వీలు కల్పించింది. వందేళ్లు దాటాక 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు ఆ చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఒక వర్గాన్ని అనుమానంతో నమోదు చేసే రిజిస్టరు ఒకసారి తెరుచుకుంటే అది ఎన్ని తరాలు మూసుకోదో ఇదొక్కటి చాలు చెప్పడానికి.

ఇంతటితో ఆగితే అమెరికాను పొగిడినట్లవుతుంది. అక్కడ గాలి మళ్లీ మారింది. గ్రంథాలయ సంఘపు లెక్క ప్రకారం 2023 ఒక్క సంవత్సరంలో 4,240 పుస్తకాలను తొలగించమని ఒత్తిళ్లు వచ్చాయి. వాటిలో దాదాపు సగం, 47 శాతం, ఎల్‌జీబీటీ వ్యక్తులకు, శ్వేతేతరులకు సంబంధించినవి. ఇల్లినాయి రాష్ట్రం అటువంటి తొలగింపులను అడ్డుకునే చట్టం చేస్తే, మరికొన్ని రాష్ట్రాలు తొలగింపులను సులభం చేశాయి. గ్రంథాలయాలకు నిధులిచ్చే కేంద్ర సంస్థను కుదించమని 2025 మార్చిలో అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చాడు.

ఈ వివాదంలో ముస్లింలు కూడా ఉన్నారు. 2022లో మిషిగన్ రాష్ట్రపు డియర్‌బోర్న్‌లో ఎందరో ముస్లిం తల్లిదండ్రులు బడి పుస్తకాలపై అభ్యంతరాలతో సభలకు తరలివచ్చారు. మేరీలాండ్‌లో ముస్లిం, క్రైస్తవ తల్లిదండ్రులు, తరగతిలో ఎల్‌జీబీటీ కథలు చదివేటప్పుడు తమ పిల్లలను బయటికి పంపాలని దావా వేయగా 2025 జూన్‌లో సుప్రీంకోర్టు వారి పక్షాన తీర్పు చెప్పింది. ఆ తల్లిదండ్రుల మనస్సాక్షిని నేను తక్కువ చేయను. అయితే ఒక తేడాను గమనించండి. వారు కోరింది తమ బిడ్డకు మినహాయింపు. ఊరందరి గ్రంథాలయంనుంచి పుస్తకాన్నే తీసేయమనడం వేరే సంగతి. నా ఇంట్లో ఏ పుస్తకం ఉండాలో నిర్ణయించే హక్కు నాకుంది. పొరుగువాని ఇంట్లో ఏది ఉండాలో నిర్ణయించే హక్కు నాకు లేదు.

అలా తీసేయించే అలవాటు ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. 2015లో అమెరికాలో అత్యధికంగా అభ్యంతరాలు ఎదుర్కొన్న పది పుస్తకాల జాబితాను చూడండి. అందులో ఎల్‌జీబీటీ పుస్తకాలు నాలుగున్నాయి. వాటి మధ్యనే బైబిలు ఉంది. అఫ్గానిస్తాన్‌లో రహస్యంగా చదువుకున్న ఒక ముస్లిం బాలిక కథ, ‘నస్రీన్స్ సీక్రెట్ స్కూల్’ కూడా ఉంది. ఒకే జాబితాలో, ఒకే గొడ్డలి కింద అన్నీ చేరాయి. మెజారిటీకి నచ్చని పుస్తకం తీసేయాలనే నియమాన్ని మనం ఒప్పుకుంటే, మనదేశంలో ఆ నియమం కింద ముందుగా పోయే పుస్తకాలు ఎవరివో ఆలోచించండి.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మనది గ్రంథాలయాలు తెలియని నేల కాదు. నేడు అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంగా ఉన్న ఆసఫియా గ్రంథాలయం 1891 నాటిది. 1935లో పెదవడ్లపూడి నుంచి కృష్ణా కాలువమీద పుస్తకాల పడవ నడిచింది. నడిచి రాలేని పాఠకుడి దగ్గరికి గ్రంథాలయమే వెళ్లాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. ప్రతి పాఠకునికీ అతని పుస్తకం, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు ఉండాలని సూత్రీకరించిన రంగనాథన్ గారు మన దేశస్థుడే. ఆ గ్రంథం వెలువడింది 1931లో. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున మనం గ్రంథాలయ పన్ను కడుతున్నాం. ఉర్దూ 2017లో తెలంగాణ అంతటా, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో రెండవ అధికార భాష అయింది. కనుక ఉర్దూ పుస్తకం అడగడం దయ కోరడం కాదు. అది మనం చెల్లించిన సొమ్ముకు లెక్క అడగడం.

అడిగే పద్ధతి మాత్రం ఆ రెండు వర్గాలనుంచి నేర్చుకుందాం. బల్ల వెనుక మన భాష తెలిసినవారు ఒక్కరైనా ఉన్నారా? లేకపోతే మన డిగ్రీ పిల్లలను గ్రంథాలయ శాస్త్రం చదవమని పంపుదాం. పట్టికలో ఉర్దూ పుస్తకాల పేర్లు ఉర్దూ లిపిలో ఉన్నాయా? సభ్యత్వ ఫారం అద్దె ఇంటివారిని, వలస కూలీలను ఆపుతోందా? ఈ ఏడాది ఇండెంటులో ఉర్దూకు ఎంత కేటాయించారు? సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో జిల్లా గ్రంథాలయ సంస్థను అడగవచ్చు. కొనవలసిన మంచి ఉర్దూ, తెలుగు పుస్తకాల జాబితాను మనమే తయారుచేసి ఇద్దాం. జాబితా లేని ఫిర్యాదును ఏ ఆఫీసూ ఫైలులో పెట్టదు. చూపు తగ్గిన పెద్దలకు, బురఖాలో వచ్చే చెల్లెళ్లకు కూర్చోవడానికి చోటుందా? పాఠకుల రిజిస్టరు బల్లమీద ఎవరైనా తిరగేసేలా పడివుందా?

ఈ ప్రశ్నలు అడిగేటప్పుడు మన పక్కన నిలబడే హిజ్రా వృద్ధురాలిని చూసి తప్పుకోకండి. వారిని తృతీయ లింగంగా గుర్తించి, పౌరులుగా వారి సమాన హక్కులను 2014లోనే మన సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆమె జీవితంతో మీరు ఏకీభవించనక్కరలేదు. పాఠశాల మెట్లెక్కనివ్వని లోకంలో ఆమె అరవై ఏళ్ల వయస్సులో అక్షరాలు నేర్చుకోవడానికి వస్తే, ఆమెకు కుర్చీ వేసే గ్రంథాలయమే రేపు మీ అబ్బాజాన్‌కు ఉర్దూ పత్రిక తెచ్చి చేతికిస్తుంది. ఆమెను గుమ్మంలోనే ఆపే గ్రంథాలయం ఏదో ఒకరోజు మీ పేరు కూడా అడుగుతుంది.

వచ్చే నెల మొదటి ఆదివారం మనలో అయిదుగురం కలిసి మన శాఖా గ్రంథాలయానికి వెళ్దామని ప్రతిపాదిస్తున్నాను. దరఖాస్తు ముసాయిదా నేను రాసి తెస్తాను. జాబితా తయారీకి చదువుకున్న చెల్లెళ్లు ఇద్దరు ముందుకు రావాలని కోరుతున్నాను.